అడగందే అమ్మయినా పెట్టదు, బడి మాత్రం పెట్టాలి

ప్రశ్న: అక్కా, మేం న్యూజెర్సీలో ఉంటాం. మా ఆయనా నేనూ ఐటీ ఉద్యోగులం. మా పాప ఐదో తరగతి. రెండేళ్ళుగా అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసులో ఉంది. మా దగ్గర ఆ క్లాసులోకి వెళ్ళాలంటే టీచరు సిఫారసు చేయాలి, లేదంటే తల్లిదండ్రులు ఫారం నింపి అడగాలి. ఆ ఫారం సంగతి నాకు మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పాప ప్రాణస్నేహితురాలు ఒక నల్లమ్మాయి. వాళ్ళమ్మ ఆస్పత్రిలో రాత్రి షిఫ్టు చేస్తుంది. ఆ పిల్ల మా ఇంటికొచ్చి పాపతో కలిసి లెక్కలు చేస్తుంది, చాలాసార్లు మా పాప కంటే ముందే చేసేస్తుంది. అయినా ఆ క్లాసులో లేదు. "తనెందుకు లేదమ్మా?" అని పాప అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పుడు మా ఊరి ప్రభుత్వ బడులన్నీ నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళు పిల్లలందరికీ బడిలోనే పరీక్ష పెట్టి, మార్కుల గీత దాటినవాళ్ళను అడక్కుండానే ఆ క్లాసులో వేస్తామంటున్నారు. జాతుల మధ్య చదువులో ఉన్న తేడా తగ్గించడానికట. మా గ్రూపులో ఒకటే గోల. స్టాండర్డ్ పడిపోతుందని పిటిషన్ పెట్టారు. "వాళ్ళకి చదువు అబ్బదు, ఇంట్లో పట్టించుకోరు, దానికి బడేం చేస్తుంది?" అని ఒకాయన రాశారు. మా ఆయన సంతకం చేశారు, నన్నూ చేయమంటున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇలాగే మొదలుపెట్టి చివరికి ఆల్జీబ్రానే ఎత్తేశారని ఆయన భయం. బడి పద్ధతులు మారిస్తే ఈ తేడా నిజంగా తగ్గుతుందా? నేను సంతకం చేయాలా, వద్దా?
పేరు వద్దు, ఒక చెల్లి

సమాధానం: అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. సంతకం చేయొద్దు, చెల్లీ. మీ ఆయన భయంలో కొంత నిజం ఉంది, దాని దగ్గరికి వస్తాను. ముందు గ్రూపులో ఆ పెద్దమనిషి రాసిన మాట సంగతి చూద్దాం.

చదువు అబ్బదు. ఈ మాట నేను మొదటిసారి విన్నది అమెరికాలో కాదు. గుంటూరు జిల్లాలో మా ఊరి బడిలో వెనక వరసలో కూర్చోబెట్టిన పిల్లల గురించి మా మాస్టారే అనేవారు. వాళ్ళు ఏ వాడ నుంచి వచ్చేవాళ్ళో నీకు చెప్పక్కర్లేదు. ఆ వాడల నుంచి ఇంజనీర్లు, డాక్టర్లు, ఐఏఎస్‌లు వచ్చాక ఆ మాట మన ఊళ్ళలో పైకి అనడం తగ్గింది. అదే మాట మనవాళ్ళ నోట ఇక్కడ, ఇంకొకరి పిల్లల మీద వినపడితే నాకు గుండె కలుక్కుమంటుంది.

చదువు అబ్బకపోవడం ఒక జాతి లక్షణమే అయితే ఆ తేడా ఎప్పుడూ ఒకేలా ఉండాలి కదా. లేదు. అమెరికా ప్రభుత్వం 1970ల మొదటి నుంచి దేశమంతటా పిల్లలకు నేప్ అనే పరీక్ష పెడుతోంది. 13 ఏళ్ళ పిల్లలు చదివి అర్థం చేసుకోవడంలో 1971లో తెల్లపిల్లల సగటుకూ నల్లపిల్లల సగటుకూ మధ్య 39 పాయింట్ల తేడా ఉండేది. 1988 నాటికి అది 18 అయింది. 17 ఏళ్ళ వాళ్ళలో 53 నుంచి 20కి దిగింది. పదిహేడేళ్ళలో ఏ జాతి రక్తమూ మారిపోదు. తర్వాత 1990ల్లో ఆ తగ్గుదల ఆగిపోయింది, కొన్నిచోట్ల తేడా మళ్ళీ పెరిగింది. అంటే మనుషులు చేసిన పనులకు తగ్గింది, మనుషులు ఆపేసిన చోట ఆగింది.

ఆ మధ్యలో ఏం జరిగిందో చూడు. తెల్లపిల్లలకూ నల్లపిల్లలకూ వేర్వేరు బడులు పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో చెప్పింది 1954లో. కానీ దక్షిణాది రాష్ట్రాల్లో పదేళ్ళ తర్వాత కూడా నల్లపిల్లల్లో నూటికి ముగ్గురైనా తెల్లపిల్లలతో కలిసి చదవడం లేదు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చి, మాట వినని బడులకు కేంద్రం డబ్బు ఆగిపోతుందన్నాక, 1968లో కోర్టు ఇక జాప్యం కుదరదన్నాక తలుపులు నిజంగా తెరుచుకున్నాయి. బర్కిలీ యూనివర్సిటీలోని ఆర్థికవేత్త రక్కర్ జాన్సన్ ఆ రోజుల పిల్లలు పెద్దయ్యేదాకా వాళ్ళ జీవితాలను పరిశీలించారు. కలిసిన బడుల్లో ఎక్కువేళ్ళు గడిపిన నల్లపిల్లలు ఎక్కువ చదివారు, ఎక్కువ సంపాదించారు, ఆరోగ్యంగా ఉన్నారు. తెల్లపిల్లలకు నష్టం కనపడలేదు. పక్కన తెల్లపిల్ల కూర్చోవడంలో ఏ మహిమా లేదు. కలిశాక ఆ బడికి డబ్బు వచ్చింది, క్లాసులో పిల్లల సంఖ్య తగ్గింది, మంచి పుస్తకాలు వచ్చాయి. అదీ కారణం. ఇళ్ళు కూడా మారాయి, ఆ తల్లిదండ్రుల చదువూ ఆదాయమూ పెరిగాయి, కాదనను.

క్లాసు సంగతి వచ్చింది కాబట్టి టెనెసీ మాట చెప్పాలి. 1985లో ఆ రాష్ట్రం 79 బడుల్లో చిన్నపిల్లలను చీటీలు తీసినట్టు విడదీసి కొందరిని 13 నుంచి 17 మంది ఉండే క్లాసుల్లో, కొందరిని 22 నుంచి 25 మంది ఉండే క్లాసుల్లో వేసింది. చిన్న క్లాసుల్లో అందరూ బాగుపడ్డారు, నల్లపిల్లలు ఇంకా ఎక్కువ బాగుపడ్డారు. టీచరు చూపు ప్రతి పిల్ల మీదా పడితే ఎక్కువ మేలు ఇదివరకు ఆ చూపు పడనివాళ్ళకే కదా.

తలుపు మళ్ళీ మూస్తే ఏమవుతుందో షార్లెట్ చూపించింది. నార్త్ కరోలినాలోని ఆ ఊళ్ళో బస్సుల్లో పిల్లలను అటూ ఇటూ తీసుకెళ్ళి బడులను కలపవచ్చని 1971లో సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై ఏళ్ళు అలా నడిచింది. 2002లో ఆ పద్ధతి ఆపి, ఎవరి పేటలో వాళ్ళే చదవాలని గీతలు మళ్ళీ గీశారు. పాత హద్దు ప్రకారం ఒకే బడికి వెళ్ళాల్సిన ఇరుగుపొరుగు పిల్లలు వేరు బడులకు వెళ్ళారు. ముగ్గురు ఆర్థికవేత్తలు వాళ్ళను పోల్చి చూశారు. నల్లజాతి, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలు ఎక్కువగా ఉన్న బడి పాలైనవాళ్ళకు, తెల్లవాళ్ళయినా సరే, హైస్కూలు పరీక్షల్లో మార్కులు తగ్గాయి. అలాంటి బడుల పాలైన నల్లజాతి, హిస్పానిక్ మగపిల్లల్లో జైలుకు వెళ్ళినవాళ్ళు పెరిగారు. ఆ బడులకు అదనంగా డబ్బూ మనుషులనూ ఇచ్చినా పూర్తిగా సరిపోలేదు.

ఇక మీ ఊరి తగాదాకు అచ్చుగుద్దినట్టు సరిపోయేది ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీ కథ. ఫోర్ట్ లాడర్‌డేల్ ఉన్న కౌంటీ అది, దేశంలోని అతి పెద్ద స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఒకటి. అక్కడ బాగా తెలివైన పిల్లలకని విడిగా పెట్టే గిఫ్టెడ్ క్లాసులోకి మీ దగ్గరలాగే టీచరో తల్లిదండ్రులో పేరు చెబితేనే పరీక్ష. డబ్బున్న తల్లిదండ్రులు ప్రైవేటు సైకాలజిస్టుతో ఐక్యూ పరీక్ష చేయించి తెచ్చేవారు. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ బడిలోనే ఒక చిన్న పరీక్ష పెట్టడం మొదలుపెట్టారు. గిఫ్టెడ్ అనిపించుకోవడానికి కావాల్సిన ఐక్యూ గీతను ఒక్క పాయింటు కూడా దించలేదు. నల్లపిల్లల్లో గిఫ్టెడ్ అనిపించుకున్నవాళ్ళు అంతకుముందు నూటికి ఒకరు, ఆ తర్వాత ముగ్గురు. హిస్పానిక్ పిల్లల్లో ఇద్దరి నుంచి ఆరుగురయ్యారు. తెల్లపిల్లలూ కొంత పెరిగారు. డేవిడ్ కార్డ్, లారా జూలియానో అనే ఆర్థికవేత్తలు ఈ లెక్కలు తేల్చారు. కార్డ్‌కు తర్వాత 2021లో వేరే పరిశోధనకు నోబెల్ వచ్చింది.

ఈ పిల్లలు కొత్తగా తెలివైనవాళ్ళు కాలేదు, చెల్లీ. ముందునుంచీ అదే బడిలో, అదే బెంచీ మీద ఉన్నారు. వాళ్ళ పేరు చెప్పేవాళ్ళే లేకపోయారు. కొన్నేళ్ళకు ఆర్థిక మాంద్యంలో డబ్బు లేదని ఆ పరీక్షలు తగ్గించేశారు. వెంటనే పాత తేడా తిరిగి వచ్చేసింది. ఇంతకంటే తేటగా ఏ ప్రయోగమూ చెప్పలేదనుకుంటాను.

ఇందులో నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళకు పైగా ఇక్కడి పబ్లిక్ స్కూల్లో మిడిల్ స్కూలు లెక్కలు చెప్పాను. ఏటా వసంతంలో అడ్వాన్స్‌డ్ క్లాసుకు పేర్లు రాసివ్వమనేవారు. నేను రాసేదాన్ని. ఒక ఏడాది ఆ జాబితా పక్కన పరీక్ష మార్కులు పెట్టుకుని చూసుకున్నాను. నేను రాసిన పేర్లన్నీ నోటుబుక్కు ముత్యాల్లా రాసేవాళ్ళవి, చెయ్యెత్తి మాట్లాడేవాళ్ళవి, తల్లిదండ్రులు నాకు మెయిళ్ళు పెట్టేవాళ్ళవి. క్లాసులో రెండో మార్కు వచ్చిన నల్లపిల్లాడి పేరు అందులో లేదు. వాడు లెక్క స్టెప్పులు రాయకుండా జవాబు రాసేవాడు, కుర్చీలో కుదురుగా కూర్చునేవాడు కాదు. వాడి పేరు రాయొద్దని నేను ఎప్పుడూ అనుకోలేదు. అసలు అనుకోకుండానే వదిలేశాను. ఆ రోజు జాబితా దిద్ది ఇచ్చాను. అంతకుముందు ఏళ్ళలో ఎంతమందిని వదిలేశానో ఇప్పుడు లెక్కపెట్టలేను.

నా ఒక్కదాని సంగతే కాదది. ఒకే విద్యార్థి గురించి ఇద్దరు టీచర్లను అడిగి పోల్చిన పరిశోధన ఒకటుంది. ఆ పిల్లవాడు నల్లజాతివాడైతే, నాలుగేళ్ళ డిగ్రీ పూర్తి చేస్తాడని తెల్ల టీచరు అనుకునే అవకాశం నల్లజాతి టీచరు కంటే దాదాపు 30 శాతం తక్కువ. పిల్లవాడు ఒక్కడే, చూసే కళ్ళే వేరు. మూడో తరగతి లోపల కనీసం ఒక్క నల్లజాతి టీచరు దగ్గర చదివిన నల్లపిల్లలు కాలేజీకి వెళ్ళే అవకాశం 13 శాతం ఎక్కువని ఇంకో పరిశోధన. దీని వెనక ఒక చేదు చరిత్ర ఉంది. బ్రౌన్ తీర్పు తర్వాత బడులను కలిపేటప్పుడు చాలాచోట్ల నల్లవాళ్ళ బడులనే మూశారు. సుమారు 38 వేల మంది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్ళు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. పిల్లలను కలిపారు కానీ ఆ పిల్లలను నమ్మే పెద్దవాళ్ళను బయటికి పంపేశారు. శిక్షల విషయంలోనూ అంతే. దేశం మొత్తం మీద నల్లపిల్లలను బడి నుంచి సస్పెండ్ చేయడం తెల్లపిల్లల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ. క్లాసులో లేని రోజు పాఠం ఎలా వస్తుంది?

ఇప్పుడు మీ ఆయన భయం దగ్గరికి వద్దాం. ఆయన చెప్పింది జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా తీసేసి అందరూ తొమ్మిదిలోనే చదవాలన్నారు, జాతుల తేడా తగ్గుతుందని. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో చూస్తే పై స్థాయి లెక్కల క్లాసుల్లో నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకూ మిగతావాళ్ళకూ ఉన్న తేడా తగ్గలేదు. కాలిక్యులస్ తీసుకునే ఆసియా పిల్లలు మాత్రం మొదట్లో తగ్గారు. డబ్బున్నవాళ్ళు బయట ఫీజు కట్టి ఆల్జీబ్రా చెప్పించుకున్నారు. కట్టలేనివాళ్ళు ఆగిపోయారు. 2024 మార్చిలో ఓటర్లను అడిగితే నూటికి 80 మందికి పైగా ఎనిమిదిలో ఆల్జీబ్రా మళ్ళీ పెట్టమన్నారు. దాన్ని నేను సమర్థించను. పైమెట్టు విరగ్గొడితే కింద ఉన్న పిల్ల పైకి ఎక్కినట్టు కాదు.

కానీ మీ డిస్ట్రిక్ట్ చెబుతున్నది దానికి పూర్తిగా ఎదురు పని. క్లాసును తీసేయడం లేదు, ఆ క్లాసు దాకా దారి వేస్తోంది. మీ ఆయనకు ఈ తేడా కాగితం మీద గీసి చూపించు. ఐటీలో పనిచేసేవాళ్ళకు ఒక మాట చాలు: డిఫాల్ట్ సెట్టింగ్ మారుతోంది. ఇప్పటిదాకా అడిగితేనే లోపలికి, ఇకనుంచి వద్దంటేనే బయటికి. డాలస్ డిస్ట్రిక్ట్ 2019లో ఆరో తరగతి ఆనర్స్ (పై స్థాయి) లెక్కలకు ఇదే చేస్తే నల్లజాతి, హిస్పానిక్ పిల్లలు బాగా పెరిగారు. నార్త్ కరోలినా 2018లో చట్టమే చేసింది: లెక్కల పరీక్షలో పై స్థాయి వచ్చిన పిల్లను మరుసటి ఏడాది అడ్వాన్స్‌డ్ క్లాసులో వేయాల్సిందే, వద్దంటే తల్లిదండ్రులు రాసివ్వాలి. 2023లో టెక్సస్ కూడా ఐదో తరగతి లెక్కల్లో మొదటి 40 శాతంలో ఉన్నవాళ్ళను ఆరులో అడ్వాన్స్‌డ్ క్లాసులో వేయాలని చట్టం తెచ్చింది. ఈ రెండు రాష్ట్రాలూ విప్లవాలకు పేరుపడినవి కావు. నార్త్ కరోలినాలోని కేరీలోనూ టెక్సస్‌లోని ఫ్రిస్కోలోనూ మన తెలుగు పిల్లలు వేలమంది ఆ చట్టాల కిందే చదువుతున్నారు.

స్టాండర్డ్ పడిపోతుందన్న మాటకు మళ్ళీ బ్రోవార్డే జవాబు. అక్కడ గిఫ్టెడ్ క్లాసులో ఖాళీ సీట్లను అదే బడిలో మంచి మార్కులొచ్చిన మామూలు పిల్లలతో నింపేవారు. అలా వచ్చిన నల్లజాతి, హిస్పానిక్ పిల్లలకు లెక్కల్లోనూ చదవడంలోనూ పెద్ద ఎత్తున మార్కులు పెరిగాయి. మిగతా పిల్లలకు నష్టం జరగలేదు. తెలివైన పిల్ల పక్కన ఇంకో తెలివైన పిల్ల వచ్చి కూర్చుంటే క్లాసు పాడవదు. నీ పాప, తన స్నేహితురాలు మీ డైనింగ్ టేబుల్ దగ్గర రోజూ చేస్తున్నది అదే కదా.

ఇంట్లో పట్టించుకోరు అన్న మాట ఒకటి మిగిలింది. ఆ తల్లి రాత్రంతా ఎవరో ముక్కూ మొహం తెలియని రోగులను కనిపెట్టుకుని కూర్చుని, పొద్దున్నే వచ్చి బిడ్డను బడికి తయారుచేస్తోంది. అది పట్టించుకోకపోవడమా? ఆమెకు లేనిది శ్రద్ధ కాదు, మీ వాట్సాప్ గ్రూపు. మన గురించి కూడా మనం నిజం ఒప్పుకోవాలి. అమెరికాలో 25 ఏళ్ళు దాటిన భారతీయుల్లో నలుగురిలో ముగ్గురికి డిగ్రీ ఉంది. మన దేశంలో అలా లేదు. వీసా జల్లెడ పట్టి ఏరి తెచ్చిన జనం మనం. మనలో చాలామంది తల్లిదండ్రులకు ఫారాల భాష తెలుసు, టీచరుకు మెయిల్ పెట్టే ధైర్యం ఉంది, శనివారం కోచింగ్‌కు డబ్బుంది. మన పిల్లల మార్కుల్లో వాళ్ళ కష్టం ఉంది, ఇవన్నీ కూడా ఉన్నాయి. ఇంకొకటి: ఆసియా దేశాల నుంచి మనల్ని దాదాపు రానివ్వని కోటాలను ఎత్తేసిన 1965 వలస చట్టం పౌరహక్కుల ఉద్యమం ఊపులోనే వచ్చింది. ఆ ఉద్యమంలో కుక్కల కాట్లూ నీళ్ళ గొట్టాల దెబ్బలూ తిన్నవాళ్ళ మనవరాళ్ళ గురించి మాట్లాడుతున్నాం మనం.

మీ రాష్ట్రంలోనే రెండు మంచి ఉదాహరణలున్నాయి, స్కూల్ బోర్డు మీటింగులో మాట్లాడేటప్పుడు వాడుకో. 1971లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు తీర్పు తర్వాత మోరిస్‌టౌన్‌నూ దాని చుట్టూ ఉన్న మోరిస్ టౌన్‌షిప్‌నూ ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ చేశారు. అన్ని రకాల పిల్లలూ ఇప్పటికీ అక్కడ కలిసి చదువుతున్నారు. రెండోది పేద ఊళ్ళ బడులకు న్యాయంగా డబ్బు ఇవ్వాలని వేసిన అబాట్ కేసు. 1998 తీర్పుతో న్యూవర్క్, క్యామ్‌డెన్, ప్యాటర్సన్ లాంటి 31 పేద డిస్ట్రిక్టుల్లో మూడు, నాలుగేళ్ళ పిల్లలందరికీ ఉచిత ప్రీస్కూల్ వచ్చింది. క్లాసుకు 15 మందే, అర్హత ఉన్న టీచరు, సహాయకురాలు. ఆ పిల్లలు బడిలో పైకి వెళ్ళాక కూడా లెక్కల్లో, చదవడంలో ముందున్నారు. ఐదో తరగతిలో గీత దాటాలంటే మూడో ఏటనే మొదలవ్వాలి, అది మర్చిపోకూడదు.

అందుకే డిస్ట్రిక్ట్ చెప్పిందంతా కళ్ళు మూసుకుని మెచ్చుకోమని కూడా అనను. గట్టిగా అడగాల్సినవి ఉన్నాయి. గీత దాటిన పిల్లలందరికీ సీట్లు ఉంటాయా, ఉన్న ఇరవై సీట్లనే పంచుతారా? సెక్షన్లు పెంచకపోతే మీ గ్రూపు భయమే నిజమవుతుంది, తల్లులు ఒకరి మీద ఒకరు పడతారు. అదనపు సెక్షనుకు లెక్కల టీచరును తీసుకుంటారా? ఇన్నాళ్ళూ మామూలు క్లాసులో ఉన్నవాళ్ళకు కొన్ని పాఠాలు తప్పిపోయి ఉంటాయి. వేసవిలో వాటిని చెప్పే ఏర్పాటు ఉందా? అది లేకుండా నేరుగా తోసేస్తే పిల్ల అక్టోబరుకల్లా బెదిరిపోతుంది. అప్పుడు "చెప్పాం కదా, అబ్బదని" అనేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. "వద్దు" అనే కాగితం తల్లిదండ్రులే పెట్టాలా, పిల్లల క్లాసులు చూసే బడి కౌన్సిలరు ఒక్కడే నిర్ణయించగలడా? బడ్జెట్ తగ్గిన ఏడాది ఈ పరీక్ష ఆగిపోకుండా ఏం చేస్తారు? బ్రోవార్డ్ దెబ్బతిన్నది అక్కడే.

పిటిషన్‌లో సంతకం చేసే బదులు ఈ ప్రశ్నలతో ఇంకో ఉత్తరం రాయండి, మీ ఆయన్నే రాయమను. లెక్కలు తెలిసిన మనిషి, భయాన్ని ప్రశ్నగా మార్చగలడు. గ్రూపులో ఆ పెద్దమనిషికి కూడా జవాబు పెట్టు, పోట్లాడకుండా. నేప్ లెక్క ఒకటి, బ్రోవార్డ్ లెక్క ఒకటి, రెండే రాయి. ఆయన మారకపోవచ్చు. కానీ ఆ గ్రూపులో ఏమీ అనకుండా చదువుతున్నవాళ్ళు ఆయన కంటే ఎక్కువమంది.

పాపకు నిజం చెప్పు. "ఆ క్లాసుకు ఫారం ఉందని నాకు తెలిసింది, వాళ్ళమ్మకు తెలియలేదు. తనకు లెక్కలు రాక కాదు" అని. పదేళ్ళ పిల్లకు అది అర్థమవుతుంది. నువ్వు చెప్పకపోతే వేరే కారణం తనే ఊహించుకుంటుంది. ఆ క్లాసులో ఏ రంగు పిల్లలు ఉన్నారో తను రోజూ చూస్తూనే ఉంది.

ఇక ఆ అమ్మకు ఇంకా ఫోను చేయలేదనుకుంటాను. నీ ఉత్తరంలో ఆ మాట లేదు. సిగ్గుపడకు, చెయ్యి. సాయం చేస్తున్నట్టు మాట్లాడకు, ఒక తల్లి ఇంకో తల్లికి చెప్పినట్టు చెప్పు. కొత్త పద్ధతి వచ్చేదాకా పాత ఫారం నడుస్తూనే ఉంటుంది, దాని గడువు కనుక్కుని పంపించు. రాత్రి షిఫ్టు మనిషి కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక చెయ్యి, అప్పటికి లేచి ఉంటుంది. బోర్డు మీటింగు సాయంత్రం ఉంటుంది. మాట్లాడదలుచుకుంటే పేరు ముందుగా ఇవ్వాలేమో కనుక్కో. ఇచ్చేది కొద్ది నిమిషాలే కాబట్టి రాసుకుని వెళ్ళు. ఆమెకు ఆ రోజు సెలవు దొరుకుతుందేమో అడుగు. దొరికితే ముందు ఆమెను మాట్లాడనివ్వు, తర్వాత నువ్వు.